భార లోహాలు, మన రోగనిరోధక శక్తి: మందులు వాడని రైతు కూడా మట్టి, నీళ్లు ఎందుకు పరీక్ష చేయించాలి?

లోహాల పరీక్షకు పొలంలో మట్టి నమూనా ఎలా తీయాలో పై వీడియోలో చూపించాను. అసలు ఆ పరీక్ష ఎందుకు, ఆ లోహాలు మన ఒంట్లో ఏం చేస్తాయి అన్నది వీడియోలో చెప్పడానికి టైం సరిపోలేదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటది, ఓపికగా చదవండి.

మనం ఒక మాట తరచుగా అంటుంటాం: "మందు కొట్టలేదు, యూరియా వేయలేదు, కాబట్టి నా పంటలో విషం లేదు." పురుగుమందుల వరకు ఆ మాట నిజమే. కానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం మనం డబ్బా కొని తెచ్చి కొట్టేవి కావు. నీళ్లతో, దుమ్ముతో, బయట కొన్న ఎరువుతో చెప్పకుండా పొలంలోకి వస్తాయి. మనం ఏం వేయలేదన్న దానితో పాటు, పొలంలోకి ఏం వస్తోందన్నది కూడా తెలిసి ఉండాలి.

లోహం మిగతా విషాల లాంటిది కాదు

పురుగుమందు ఎంత ఘాటుదైనా ఎండకు, గాలికి, సూక్ష్మజీవులకు ఎప్పటికో విరిగిపోతుంది. లోహం మూలకం. దాన్ని విరగ్గొట్టడం ఏ సూక్ష్మజీవి వల్లా కాదు. "జీవామృతం పారిస్తే భార లోహాలు పోతాయి" అని కొందరు చెప్తుంటారు. పోవు. జీవామృతం, ఘనజీవామృతం, పచ్చిరొట్ట వల్ల మట్టిలో హ్యూమస్ పెరుగుతుంది. ఆ హ్యూమస్ లోహాన్ని పట్టి ఉంచి, వేరుకు తక్కువగా అందేలా చేస్తుంది. పశువును గుంజకు కట్టేసినట్టు అన్నమాట. పశువు కొట్టంలోనే ఉంటుంది, తాడు తెగితే మళ్లీ చేలో పడుతుంది. కాడ్మియం విషయంలో ఆ తాడు తెగేది మట్టి పులిసినప్పుడు, అంటే పీహెచ్ పడిపోయినప్పుడు.

ఒంట్లోనూ ఇదే కథ. కాడ్మియం ఎక్కువగా కిడ్నీల్లో చేరుతుంది. చేరినదాంట్లో సగం బయటకు పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. సీసం ఎముకల్లో కాల్షియం పక్కన దశాబ్దాల పాటు కూర్చుంటుంది. గర్భిణి ఎముకల నుంచి బిడ్డ కోసం కాల్షియం కరిగేటప్పుడు పాత సీసం కూడా దానితో బయటికొస్తుంది. అంటే తల్లి చిన్నప్పుడు తిన్న సీసం బిడ్డ దాకా పోవచ్చు. అందుకే ఒక్కరోజు తిన్న ఆకుకూర గురించి భయపడక్కర్లేదు. ఇరవై ఏళ్లు రోజూ అదే పొలం కూర, అదే బోరు నీళ్లు తీసుకుంటే ఏమవుతుందన్నదే లెక్క.

రోగనిరోధక వ్యవస్థ మీద ఏం చేస్తాయి?

మన ఒంటి కాపలా రెండు అంచెలుగా ఉంటుంది. మొదటి అంచెలో క్రిములను మింగేసే కణాలు ఉంటాయి. రెండో అంచెలో శత్రువును గుర్తుపట్టి గుర్తుపెట్టుకునే తెల్ల రక్తకణాలు, అవి తయారుచేసే యాంటీబాడీలు ఉంటాయి. టీకా పనిచేసేది ఈ రెండో అంచె మీదే. లోహాలు ఈ కాపలాను మూడు రకాలుగా చెడగొడతాయి: బలం తగ్గిస్తాయి, దారి తప్పిస్తాయి, కొన్నిసార్లు సొంత ఒంటి మీదికే తిప్పుతాయి.

*ఆర్సెనిక్ బలం తగ్గిస్తుంది.* చిలీ దేశంలో ఆంటోఫగాస్టా అనే ఊరికి 1958లో కొత్తగా నది నీళ్లు తెచ్చారు. ఆ నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 800 మైక్రోగ్రాములు దాటి ఉంది. ఇప్పుడు తాగునీటికి డబ్ల్యూహెచ్ఓ పెట్టిన పరిమితి 10. శుద్ధి ప్లాంటు 1970లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అక్కడ టీబీ మరణాలు పోల్చి చూసిన ఇంకో ప్రాంతం కన్నా ఎక్కువగా నమోదయ్యాయి. టీబీ క్రిమిని అణచి ఉంచేది ఆ మింగేసే కణాలూ, టీ కణాలే. ఆర్సెనిక్ దెబ్బ కొట్టేది సరిగ్గా వాటినే. బంగ్లాదేశ్ పల్లెల్లో చేసిన అధ్యయనాల్లో, గర్భంలో ఉన్నప్పుడు ఆర్సెనిక్ ఎక్కువ తగిలిన పసిపిల్లలకు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు, విరేచనాలు ఎక్కువగా కనిపించాయి. టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కూడా చిన్నదిగా ఉంది.

*సీసం దారి తప్పిస్తుంది.* క్రిములతో పోరాడే వైపు నుంచి అలర్జీ వైపు మొగ్గేలా చేస్తుంది. అలర్జీకి సంబంధించిన ఐజీఈ యాంటీబాడీలు పెరుగుతాయి. చైనాలో గ్వియు అనే ఊళ్లో పాత కంప్యూటర్లు, వైర్లు విప్పి, కాల్చి లోహాలు తీసేవారు. అక్కడి చిన్నపిల్లల్లో రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నవాళ్లకు, హెపటైటిస్ బి టీకా వేసినా రక్షణ యాంటీబాడీలు తక్కువగా కనిపించాయి. టీకా అదే, తీసుకునే ఒళ్లు మారిపోయింది. సీసానికి సురక్షిత మోతాదు అనేదే తెలియదని డబ్ల్యూహెచ్ఓ చెప్తోంది.

*కాడ్మియం జింక్ వేషం వేస్తుంది.* రోగనిరోధక కణాలు పెరగాలన్నా, పనిచేయాలన్నా జింక్ కావాలి. మట్టిలో, మొక్కలో, ఒంట్లో కాడ్మియం జింక్ దారిలోనే దూరి దాని సీటులో కూర్చుంటుంది. జింక్ చేసే పని మాత్రం చేయదు. పైగా కణాల్లో వాపును రాజేస్తుంది.

*పాదరసం సొంత ఒంటి మీదికి తిప్పుతుంది.* అమెజాన్ ప్రాంతంలో పాదరసంతో బంగారం తీసే కూలీల రక్తంలో, సొంత కణాలనే గురిపెట్టే యాంటీబాడీలు ఎక్కువగా కనిపించాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మాటిమాటికీ జలుబు, దురద, నీరసం వస్తే "లోహాలే కారణం" అని ఎవరికి వారు తేల్చుకోవద్దు. వాటికి వంద కారణాలు ఉంటాయి. అనుమానం బలంగా ఉంటే డాక్టర్ చెప్పిన రక్త, మూత్ర పరీక్షలే తేల్చాలి. "డీటాక్స్" పొడులు కొని డబ్బులు పోగొట్టుకోవద్దు. లోహాలను బయటకు తీసే అసలు మందులు ఆస్పత్రిలో, డాక్టర్ కళ్ల ముందు వాడాల్సినవి.

మన పొలంలోకి వచ్చే దారులు

1. నీళ్లు. నగరం మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు కలిసే వాగులు, కాలువలు. హైదరాబాద్ దాటాక మూసీ కింద వరి, ఆకుకూరలు, పశువులకు పారాగడ్డి ఏళ్లుగా సాగవుతున్నాయి.

2. కొన్న కంపోస్టు. నగర చెత్తలో బ్యాటరీలు, రంగులు, ఎలక్ట్రానిక్ ముక్కలు కలిసిపోతాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్టు కిలోలో సీసం 100, ఆర్సెనిక్ 10, కాడ్మియం 5, పాదరసం 0.15 మిల్లీగ్రాములు దాటకూడదు. బస్తా కొనేముందు ఈ రిపోర్టు అడగండి.

3. ఫాస్ఫేట్. రాక్ ఫాస్ఫేట్‌లో కాడ్మియం సహజంగానే ఉంటుంది. ఎంత అన్నది ఏ గనిదో దాన్ని బట్టి మారుతుంది. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ తయారయ్యేది ఆ రాయి నుంచే. సేంద్రియ సాగులో నేరుగా వాడుకోనిచ్చేది కూడా ఆ రాయినే. ప్రకృతి వ్యవసాయంలోకి రాకముందు ముప్పై ఏళ్లు డీఏపీ వేసిన పొలమైతే ఆ పాత బాకీ మట్టిలోనే ఉంటుంది.

4. రోడ్డు, పాత బ్యాటరీలు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగింది. కానీ అప్పటికే పెద్ద రోడ్ల పక్కన మట్టిలో పడ్డ సీసం ఎక్కడికీ పోలేదు. బ్యాటరీలు పగలగొట్టే షెడ్ల పక్క పొలాలైతే ఇంకా జాగ్రత్త.

5. పొగాకు. ఈ మొక్క కాడ్మియాన్ని ఆకుల్లోకి బాగా లాగుతుంది. పొగ తాగేవాళ్ల ఒంట్లో తాగనివాళ్ల కన్నా దాదాపు రెట్టింపు కాడ్మియం ఉంటుంది. పొలంలో అన్నీ ప్రకృతి పద్ధతులు పాటించి, గట్టు మీద కూర్చుని బీడీ తాగితే ఏం లాభం?

"నీళ్లు నా చేతుల ఉన్నయా?"

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి, సొంత పొలంతో పాటు చుట్టుపక్కల రైతుల దగ్గర కూరగాయలు, బియ్యం తీసుకుని నగరంలో ఇళ్లకు అమ్ముతున్నా. మా గుంపులో చేరతానని ఒక అన్న వచ్చాడు. దేశీ ఆవు ఉంది, బీజామృతం నుంచి నీమాస్త్రం దాకా అన్నీ పద్ధతిగా చేస్తాడు. పాలకూర అయితే చూడగానే కొనబుద్ధి అయ్యేలా ఉంది. కానీ పారేది మురుగు కలిసే కాలువ నీళ్లు. పరీక్ష చేయిద్దామంటే ఆయన అన్నమాట: "తమ్మీ, మూడేండ్ల సంది ఒక్క బస్తా యూరియా ఏసింది లేదు. నీళ్లు నా చేతుల ఉన్నయా?"

ఆయన మాటలో తప్పు లేదు. మురుగు వదిలింది ఆయన కాదు. కానీ ఆ పాలకూర తినే ఇంట్లో రెండేళ్ల పాప ఉంటే, ఆ పాపకు కూడా నీళ్లు చేతిలో లేవు కదా. మట్టి, నీళ్లు, ఆకు మూడూ ల్యాబ్‌కు పంపాం. ఆకులో లోహాలు ఉండాల్సిన దాని కన్నా ఎక్కువ వచ్చాయి. పాలకూర తీసుకోలేనని చెప్పడం నాకు కష్టమే అయింది, వినడం ఆయనకు ఇంకా కష్టం. తర్వాత అదే పొలంలో బోరు నీళ్లతో బీర, సొర, చిక్కుడు వేశాడు. వాటి కాయలు విడిగా పరీక్ష చేయించాం, పరిమితి లోపలే వచ్చాయి. ఇప్పుడు ఆ కాయలే తీసుకుంటున్నాం. ఆకుకూర ఆదాయం అంతా తిరిగి రాలేదన్నది నిజం. మురుగు వదిలినవాళ్ల తప్పుకు నష్టం రైతు భరిస్తున్నాడు. దీని మీద మనందరం కలిసి అడగాలి. కానీ ఆ అన్యాయాన్ని కొనుక్కునేవాళ్ల పళ్లెంలో వడ్డించడం మాత్రం జవాబు కాదు.

పరీక్ష ఎలా చేయించాలి?

సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి: పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వాటిలో లేవు. కార్డు బాగుంది కాబట్టి లోహాలు లేవనుకోవద్దు. గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో "భార లోహాల పరీక్ష" అని ప్రత్యేకంగా అడగాలి.

- ఎకరంలో జిగ్‌జాగ్‌గా 10 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అర కిలో పంపాలి.
- చెక్క లేదా ప్లాస్టిక్ పనిముట్లు, కొత్త ప్లాస్టిక్ కవర్లు వాడాలి. తుప్పు పట్టిన పార, జింక్ పూత బకెట్ వద్దు.
- నీళ్ల నమూనా వేరుగా. తాగునీటికి బీఐఎస్ పరిమితి లీటరుకు ఆర్సెనిక్ 0.01, సీసం 0.01, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు. సాగునీటికి ఎఫ్ఏఓ సూచించింది ఆర్సెనిక్ 0.10, కాడ్మియం 0.01.
- అన్నిటికన్నా ముఖ్యం తినే భాగం. మట్టిలో ఉన్నదంతా కాయలోకి రాదు.

ఖర్చు ఒక్కరికి భారమైతే, ఒకే కాలువ కింద ఉన్న నలుగురైదుగురు కలిసి నీళ్ల పరీక్ష ఒకటి చేయించుకోండి.

రిపోర్టులో లోహం వస్తే పొలంలో ఏం చేయాలి?

ముందు వచ్చే దారి మూయాలి. నీళ్లు మార్చుకోవాలి, అనుమానం ఉన్న కంపోస్టు ఆపాలి. తర్వాత పంట మార్చాలి. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలు కాడ్మియాన్ని ఎక్కువ లాగుతాయి. సీసం ఎక్కువగా మట్టి రూపంలోనే ఆకులకు, దుంపలకు అంటుకుని వస్తుంది, కాబట్టి మల్చింగ్ చేయడం, బాగా కడగడం, దుంపల తొక్క తీయడం పనికొస్తాయి. బెండ, చిక్కుడు, తీగ కూరల కాయల్లోకి సాధారణంగా తక్కువ చేరుతుంది.

ఎర్ర నేలలు పులిసి ఉంటే సున్నం వేసి పీహెచ్ 6.5 దగ్గరికి తేవాలి, సేంద్రియ పదార్థం పెంచాలి. కాడ్మియం, సీసం వేరుకు అందడం తగ్గుతుంది.

వరిలో ఒక మెలిక ఉంది. నీళ్లు నిలిపితే ఆర్సెనిక్ కరిగి గింజలోకి ఎక్కువ పోతుంది. తడి-పొడి పద్ధతిలో అది తగ్గుతుంది, కానీ మడి ఆరినప్పుడు కాడ్మియం పెరుగుతుంది. అందుకే ఏ లోహం ఉందో తెలియకుండా పద్ధతి మార్చొద్దు.

మట్టి నుంచి లోహాన్ని లాగే మొక్కలూ ఉన్నాయి. ఆవాలు, పొద్దుతిరుగుడు కొంతవరకు లాగుతాయి, ఒక రకం ఫెర్న్ ఆర్సెనిక్‌ను బాగా లాగుతుంది. కానీ ఏళ్లు పడుతుంది. ఆ మొక్కల్ని కంపోస్టులో వేసినా, పశువులకు పెట్టినా లోహం మళ్లీ మన దగ్గరికే వస్తుంది. ఒకసారి చెడ్డ నేలను బాగుచేయడం ఎంత కష్టమో జపాన్‌లో జింజు నది కింది రైతుల్ని చూస్తే తెలుస్తుంది. గని నుంచి వచ్చిన కాడ్మియం వరిమడుల్లో చేరి, ఎముకలు విరిగే ఇటాయి-ఇటాయి వ్యాధి వచ్చింది. ప్రభుత్వం 1968లో ఆ సంగతి ఒప్పుకుంది. పొలాల పై మట్టిని బాగుచేసే పని 1979లో మొదలై 2012 దాకా సాగింది.

ఇంట్లో చేయగలిగినవి

ఒంట్లో ఇనుము, కాల్షియం, జింక్ తక్కువైతే ఆ ఖాళీ సీట్లలోకి సీసం, కాడ్మియం సులువుగా ఎక్కుతాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, పిల్లలు ముందు దెబ్బ తినేది అందుకే. రక్తహీనతకు వైద్యం చేయించడం, రాగులు, పప్పులు, నువ్వులు, పాలు, గుడ్లు తినడం ఏ డీటాక్స్ పొడి కన్నా నయం.

ఆర్సెనిక్ తవుడు పొరలో ఎక్కువ ఉంటుంది. కోడెక్స్ పరిమితి కూడా పాలిష్ బియ్యానికి కిలోకు 0.2, దంపుడు బియ్యానికి 0.35 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యం మానమని కాదు, అవి అమ్మేవాళ్లం మనమే ముందు పరీక్ష చేయించాలని. బియ్యంలో ఆర్సెనిక్ ఉందని తేలితే మన పెద్దల పద్ధతి పనికొస్తుంది: ఒకటికి ఆరు వంతుల నీళ్లు పోసి వండి గంజి వార్చడం. దీనివల్ల ఆర్సెనిక్ 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది. కొన్ని విటమిన్లు కూడా పోతాయి. వండే నీళ్లు శుభ్రంగా ఉండాలి, ఆ గంజి తాగకూడదు.

మన దగ్గర కొనేవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చేది మన మాట మీద నమ్మకంతో. ఆ మాట వెనక ల్యాబ్ కాగితం కూడా ఉంటే మనకూ ధైర్యం, వాళ్లకూ ధైర్యం. ఈ ఎండాకాలం పొలం ఖాళీగా ఉన్నప్పుడు వీడియోలో చూపినట్టు నమూనా తీసి పంపించండి. ల్యాబ్ రిపోర్టు వచ్చాక దాన్ని ఎలా చదవాలో వచ్చే వీడియోలో చూద్దాం. ఉంటాను మరి.