ఊరు చేరేదాకా ప్రయాణమే

అమెరికా నుంచి చంటిపిల్లలతో మార్కాపురానికో గిద్దలూరుకో వచ్చే అమ్మానాన్నలు విమానం గురించే బెంగపడుతుంటారు. డాలస్ నుంచి దుబాయ్‌కి సుమారు 15 గంటలు, మధ్యలో పడిగాపులు, అక్కణ్ణుంచి శంషాబాద్‌కు మరో మూడున్నర గంటలు. ఎలాగో ఓపిక పడతారు. ఆపైన ఊరికి కారులో ఐదారు గంటలు ఉంటుందే, పిల్లలు అసలు ఏడ్చేది అందులో. అందుకే వీలుంటే హైదరాబాద్‌లో ఒక రాత్రి ఆగండి. శ్రీశైలం మీదుగా వస్తే నల్లమలలో రాత్రిపూట అటవీ గేట్లు మూసేస్తారు. పైగా నిద్ర చాలని పిల్లలకు ఆ ఘాట్ మలుపుల్లో వాంతులు ఖాయం. ఆలస్యమైనా పగలే బయల్దేరండి.

టికెట్లు కొనకముందే పాస్‌పోర్టులు తీసి చూడండి. పెద్దల అమెరికా పాస్‌పోర్టు పదేళ్లు నడుస్తుంది, పదహారేళ్లలోపు పిల్లలది 5 ఏళ్లే. అక్కడ పుట్టిన పిల్లలకు ఓసీఐ కార్డో వీసానో ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఉయ్యాల తొట్టి కావాలంటే టికెట్ తీసుకునేటప్పుడే అడగాలి. అవి కొన్నే ఉంటాయి, బరువు పరిమితి కూడా ఉంటుంది. బయల్దేరడానికి నెలన్నర ముందే పిల్లల డాక్టరును కలవండి. ఆరు నెలలు నిండిన పసిపిల్లలకు తట్టు టీకా ముందుగానే వేయించాల్సి రావచ్చు.

విమానం దిగడం మొదలైనప్పుడు పిల్లల చెవులు దిబ్బడ పడతాయి. గుటక వేస్తే ఆ నొప్పి తగ్గుతుంది. కాబట్టి దిగడానికి అరగంట ముందు నిద్ర లేపి పాలు పట్టండి, పెద్ద పిల్లలైతే కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. నిద్రపోతారని జలుబు సిరప్ పోయకండి. అది ప్రమాదం. కొందరు పిల్లలకు నిద్ర రాకపోగా చిరాకు పెరుగుతుంది కూడా. చేతిసంచిలో పిల్లలకే కాదు, మీకూ ఒక జత బట్టలు పెట్టుకోండి. పాలు ఒలికేది మీ ఒంటిమీదే. అలవాటైన తిండే పెట్టండి. చపాతీ చుట్టలు, అటుకులు, బిస్కెట్లు చాలు.

ఇక ఇల్లు చేరాక మొదట చూడాల్సింది నీళ్లు. మార్కాపురం, గిద్దలూరు వైపు చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. కాచి చల్లారిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. పాలపొడి కలపడానికీ తాగడానికీ శుద్ధి చేసిన నీళ్లు కాచి వాడండి.

తర్వాత నిద్ర. డాలస్‌లో పగలంటే మనకు రాత్రి. పిల్లలు రాత్రి రెండింటికి కళ్లు విప్పుకుని ఆడుకుందాం రమ్మంటారు. అప్పుడు ఫోన్ ఇస్తే ఇక తెల్లారినట్టే. మసక వెలుతురులో కూర్చోబెట్టి, మార్కాపురం పలకా బలపమూ చేతికివ్వండి. గీసి, చెరిపి, మళ్లీ గీస్తారు. ఆకలంటే కొంచెం పెరుగన్నం పెట్టండి. పొద్దున మాత్రం ఎంత బద్ధకంగా ఉన్నా ఎండ పొడలో కాసేపు తిప్పాలి. మధ్యాహ్నం గంటో గంటన్నరో పడుకోనిచ్చి లేపేయండి. ఇలా చేసినా వేళలు కుదురుకోవడానికి వారం పట్టవచ్చు. కంగారు పడకండి.

ఇప్పుడు అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తాతయ్యలకు ఒక మాట. మీ మనవరాలు ఫోన్‌లో మిమ్మల్ని రోజూ చూసినా, ఎదురుగా చూడగానే బెదిరి వాళ్లమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. అది ప్రేమ లేక కాదు. “రా, ముద్దు పెట్టు” అని లాక్కోకండి. పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకుంటుంటే తనే దగ్గరికి వస్తుంది. వీధిలో వాళ్లందరూ ఎత్తుకుంటామంటే రెండు రోజులాగమనండి.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి దర్శనం, శ్రీశైలంలో పుట్టువెంట్రుకలు, చుట్టాల ఇళ్ల భోజనాలు అన్నీ చేసుకోవచ్చు. వచ్చిన మర్నాడే కాదు. అమ్మానాన్నలూ, మొహమాటానికి పోయి మొదటి నాలుగు రోజుల్లో ఏదీ ఒప్పుకోకండి. చుట్టాలు అలిగినా నాలుగు రోజుల్లో సర్దుకుంటారు. లేదంటే నిద్ర చెడి జ్వరం తెచ్చుకున్న పిల్లలతో మీ సెలవంతా ఆస్పత్రి చుట్టూ తిరగడమే అవుతుంది.