పర్యావరణ రక్షణకు ప్రభుత్వ సాయం – రైతు అర్జీ పెట్టుకోవడం ఎలా?

(ద్వితీయ బి.ఎస్సీ. విద్యార్థి)

పత్తి, మిరప పండించే మన గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతాల్లో పురుగుమందు డబ్బా లేని ఇల్లు అరుదు. 1987-88లో పత్తి చేలను తెల్లదోమ నాశనం చేసింది. అప్పుల బాధ తాళలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. ఏ మందు కొట్టినా లొంగలేదు, చాలామంది తోటలు పీకేశారు. మందు మోతాదు పెంచేకొద్దీ పురుగుకి తట్టుకునే శక్తి పెరుగుతుందనీ, మిత్రపురుగులు చచ్చిపోతాయనీ మనం జంతుశాస్త్రంలో చదువుకున్నాం. ఆ పాఠం మా చేలో ప్రయోగంగా జరుగుతూనే ఉంది.

నీటినీ, నేలనూ కాపాడే రైతుకి సాయం చెయ్యడానికి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. ఉన్నాయని వినడం వేరు, అర్జీ పెట్టి సాధించుకోవడం వేరు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని మా ఇంటి అనుభవంతో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏమేమి ఉన్నాయి?

మొదటిది బిందుసేద్యం, అంటే డ్రిప్పు. మన రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం 2003లో మొదలైంది. కేంద్రం లెక్క ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు, అనగా అయిదెకరాల లోపు వారికి, నిర్ణయించిన ఖర్చులో 55 శాతం, మిగతావారికి 45 శాతం సబ్సిడీ. దీనికి రాష్ట్రం తన వాటా కలుపుతుంది. ఆ వాటా ఉత్తర్వులను బట్టి మారుతుంది కనుక, ఆ ఏటి ఉత్తర్వు ఏమిటో అడిగి తెలుసుకోవాలి.

రెండవది పరంపరాగత కృషి వికాస్ యోజన. ఇది 2015లో వచ్చింది. సేంద్రియ సాగుకు సుమారు 20 హెక్టార్లు ఒక క్లస్టరుగా కూడాలి. 2022-23 నుంచి 2025-26 వరకు వేసిన లెక్కలో మూడేళ్లకు హెక్టారుకు 31,500 రూపాయలు. అందులో 15,000 మాత్రమే నేరుగా రైతు ఖాతాలో పడతాయి. ఎకరాకు లెక్కగడితే ఏడాదికి రెండు వేలు. మిరప ఎకరానికి మేము పెట్టే మందుల ఖర్చు ముందు ఇది ఏ మూలకి? అయితే మూడేళ్ల తర్వాత చేతికొచ్చే ధ్రువపత్రం విలువ వేరు. డబ్బు చూసి కాక, దాన్ని చూసి చేరాలి.

మూడవది 2016లో రైతు సాధికార సంస్థ ఆరంభించిన ప్రకృతి వ్యవసాయం. ఇది ముఖ్యంగా శిక్షణ, తోడ్పాటు. నగదు కోసం వెళ్లేవారికి నిరాశే. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చిందన్న సంగతి మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు!

అర్జీ ఎలా పెట్టాలి?

ఊళ్లోని రైతు సేవా కేంద్రానికి వెళ్లాలి. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవే ఇవి. పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు పట్టుకుపోవాలి. డ్రిప్పుకయితే బోరో, బావో నీటి వసతి చూపించాలి. తర్వాత పొలం సర్వే చేస్తారు, ఖర్చు అంచనా వేస్తారు. రైతు తన వాటా కట్టాక పరికరాలు బిగిస్తారు.

మట్టి పరీక్ష ముందే చేయించుకోవడం మంచిది. చేలో ఎనిమిది, పది చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు తవ్వి, మట్టి కలిపి, నాలుగు భాగాలు చేస్తూ ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగల్చాలి. గట్ల పక్కనా, పెంట పోసిన చోటా తియ్యకూడదు. 2015 నుంచి ఇస్తున్న భూసార పత్రంలో ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనంతో సహా పన్నెండు అంశాలు ఉంటాయి.

ఎక్కడ తప్పుతుంది?

మాకు సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. మా నాన్న డ్రిప్పుకి అర్జీ పెడితే తిరిగొచ్చింది. తాతగారి పంపకాల తర్వాత పేరు మార్పిడి పూర్తి కాలేదు. పాసుపుస్తకానికీ 1-బికీ విస్తీర్ణంలో కొద్ది సెంట్లు తేడా. ఏం తేడా వచ్చిందో ఎవరూ విడమర్చి చెప్పలేదు. మూడుసార్లు తిరిగాక నేనే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే కనపడింది. అప్పటికి మిరప నాట్లు అయిపోయాయి. కావున అర్జీకి ముందే సర్వే నంబరు, విస్తీర్ణం, పేరులో అక్షరాలు అన్ని కాగితాల్లో సరిచూసుకోండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రశీదు అడగండి. తిరస్కరిస్తే కారణం రాసిమ్మనండి.

దీనికన్నా పెద్ద చిక్కు కౌలుది. 2019 చట్టం కింద కౌలుదారుకి వచ్చే సాగు హక్కు పత్రం గడువు పదకొండు నెలలు. దానికి భూయజమాని సంతకం కావాలి. డ్రిప్పు పైపులు ఏళ్ల తరబడి ఉండేవి. సేంద్రియ ధ్రువపత్రానికి మూడేళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఈ చేను మనదో కాదో తెలియని మనిషి నేలను బాగు చెయ్యడానికి డబ్బు ఎలా పెడతాడు? మందు కొట్టేదీ, ఆ గాలి పీల్చేదీ కౌలు రైతే. పర్యావరణ సాయం మాత్రం పొలం ఎవరి పేరున ఉందో వారి గడప దగ్గరే ఆగిపోతోంది. యజమాని, కౌలుదారు కలిసి మూడేళ్ల ఒప్పందం రాసుకుంటే ఆ జంట అర్జీని అంగీకరించే ఏర్పాటు ఉండాలి. అది లేనంతకాలం ఈ పథకాలు సగం చేలకే చేరతాయి.

మిత్రులారా! మనలో చాలామందిమి రైతుబిడ్డలం. ప్రయోగశాలలో ఉదజని సూచిక కొలిచే మనం సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక్క అర్జీ నింపిపెడితే, ఒక్క 1-బి సరిచూసిపెడితే చాలు. మా నాన్న ఈసారి మళ్లీ అర్జీ పెట్టారు, పేరు మార్పిడి చేయించుకున్నాకే. అది ఎకరంన్నరకే. కౌలు మూడెకరాల సంగతి అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.