క్రిప్టో జతలు: రూపాయి లెక్క తప్పనిసరి

బిట్‌కాయిన్ కాక తక్కిన క్రిప్టో నాణేలను ఆల్ట్‌కాయిన్లు అంటారు. వీటిలో చాలావాటిని నేరుగా రూపాయలతో కొనడం కుదరదు. ముందుగా బిట్‌కాయిన్‌ను గాని, డాలరుతో ముడిపడిన టెథర్ నాణేన్ని గాని కొని, దానితో వీటిని మార్చుకోవాలి. ఇలా ఒకదానితో ఒకటి మారే రెండింటినీ కలిపి ట్రేడింగ్ జత అంటారు. 'ఈథర్/బిట్‌కాయిన్' అనే జతలో మొదటిది కొనే సరకు, రెండవది దాని ధరను కొలిచే నాణెం. ఆ కొలిచే నాణెం విలువ కూడా మారుతూనే ఉంటుంది.

కారిమంగళంలో ప్రతి మంగళవారం జరిగే సంతలో మేకల ధరను కొబ్బరికాయలలో చెప్పారనుకుందాం. ఒక వారం 400 కాయలు పలికిన మేక, మరుసటి వారం 440 పలికింది. ధర పదిశాతం పెరిగినట్లే కనిపిస్తుంది. అయితే ఆ వారంలో కాయ ధర 25 రూపాయల నుంచి 20కి తగ్గితే, మేక విలువ 10,000 నుంచి 8,800 రూపాయలకు దిగినట్లే.

ఆల్ట్‌కాయిన్ లెక్క కూడా ఇదే. ఉదాహరణకు, బిట్‌కాయిన్ 50 లక్షలున్నప్పుడు 0.001 బిట్‌కాయిన్ పలికే నాణెం విలువ 5,000 రూపాయలు. తరువాత అది 0.0011కు పెరిగి, బిట్‌కాయిన్ 40 లక్షలకు తగ్గితే విలువ 4,400 రూపాయలే. జతలో లాభం కనిపించినా చేతికి నష్టమే. కనుక జత ధరను, కొలిచే నాణెపు రూపాయి ధరతో గుణించి చూడాలి. టెథర్ రూపాయి ధర బ్యాంకు డాలరు ధరతో సమంగా ఉండాలన్న నియమం లేదు. దానినీ విడిగా చూసుకోవాలి.

రూపాయి జత లేకపోతే కలిగే ఇబ్బంది మన దేశానికి తెలిసినదే. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు క్రిప్టో సంస్థలకు బ్యాంకు సేవలను నిలిపివేయించింది. దానితో పలు విపణులు రూపాయి వ్యాపారాన్ని మాని, నాణేల మధ్య మార్పిడికి మళ్లాయి. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

పన్ను మాత్రం రూపాయలలోనే లెక్కిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నాయి. ఒక నాణెమిచ్చి మరొకటి తీసుకోవడం కూడా చట్టం దృష్టిలో అమ్మకమే. 40,000 రూపాయలకు కొన్న బిట్‌కాయిన్‌ను, 50,000 అయినప్పుడు ఆల్ట్‌కాయిన్‌గా మార్చుకుంటే, ఒక్క రూపాయి చేతికి రాకపోయినా 3,000 రూపాయల పన్ను, సెస్సు పడతాయి. ఆపై ఆల్ట్‌కాయిన్ పడిపోతే, ఆ నష్టాన్ని ఈ లాభంలో సర్దుబాటు చేయనివ్వరు. నిర్ణీత పరిమితి దాటిన అమ్మకాలపై 1 శాతం టి.డి.ఎస్. కూడా ఉంటుంది.

కొనేముందు మూడు విషయాలు చూసుకోవాలి:

1. కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా ఎంత? కొనేవారు తక్కువగా ఉన్న జతలో, తెరపై కనిపించే ధరకు మీ నాణేలన్నీ అమ్ముడుపోకపోవచ్చు.

2. తిరిగి రూపాయలుగా మార్చుకోవడానికి ఎన్ని మార్పిడులు కావాలి? ప్రతి మార్పిడికీ రుసుము ఉంటుంది.

3. ఆ విపణి భారత ఆర్థిక నిఘా విభాగం వద్ద నమోదైనదేనా? నమోదు ఉన్నంత మాత్రాన మీ సొమ్ముకు ప్రభుత్వ హామీ ఉన్నట్లు కాదు.

ప్రతి మార్పిడి జరిగిన తేదీ, పరిమాణం, ఆనాటి రూపాయి విలువ వ్రాసి ఉంచుకోండి. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి.