ఒక్క చుక్క తేడా

గ్రంథాలకు నకళ్లు వ్రాసే లేఖకుని ఉర్దూలో 'కాతిబ్' అంటారు. అతని కలం ఒక్క చుక్క అధికంగా వేసిందంటే 'దుఆ' కాస్తా 'దగా' అయి కూర్చుంటుంది, ప్రార్థన మోసమవుతుంది. ఇటువంటి లేఖకుడు మన దేహకణాలలోనూ ఉన్నాడు.

కణకేంద్రకంలోని డి.ఎన్.ఎ. మెలిదిరిగిన నిచ్చెన వంటిదని 1953లో వాట్సన్, క్రిక్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈ గ్రంథానికి అక్షరాలు నాలుగే: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. అడినిన్ థైమిన్‌తోనూ, గ్వానిన్ సైటోసిన్‌తోనూ జతకూడుతాయి. కణవిభజనకు ముందు నిచ్చెన రెండు పోగులుగా విడిపోతుంది. పాలిమరేజ్ అనే ఎంజైము ఒక్కొక్క పోగుకు ఎదురుగా తగిన అక్షరాలను చేరుస్తుంది. ఫలితంగా ఏర్పడిన రెండు నకళ్లలోనూ ఒక పోగు పాతది, ఒకటి కొత్తది. ఈ సత్యాన్ని 1958లో మెసెల్సన్, స్టాల్ బాక్టీరియాపై ప్రయోగించి నిరూపించారు. తాను వ్రాసినదానిని సరిచూసి దిద్దుకొనే నేర్పు కూడా ఈ ఎంజైముకు కలదు.

గ్రంథం ఉంటే చాలదు, చదవాలి. మూలప్రతి కేంద్రకం విడిచి రాదు గనుక, కావలసిన భాగానికి వార్తాహర ఆర్.ఎన్.ఎ. రూపంలో ప్రతి తయారై వెలుపలికి వస్తుంది. ఇందులో థైమిన్‌కు బదులు యురాసిల్ ఉంటుంది. రైబోజోము దానిని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఎమినో ఆమ్లాలను వరుసగా గుచ్చి ప్రోటీనును నిర్మిస్తుంది. మూడక్షరాల మాటలు 64. వాటిలో 61 ఎమినో ఆమ్లాలను సూచిస్తాయి, తక్కిన 3 వాక్యాంత చిహ్నాలు. ఈ నిఘంటువును విప్పిచెప్పినందుకే హరగోబింద్ ఖొరానా 1968లో నిరెన్‌బర్గ్, హాలీలతో కలిసి నోబెల్ బహుమతి పొందారు.

ఇక చుక్క తేడా సంగతి. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 ఎమినో ఆమ్లాలున్నాయి. డి.ఎన్.ఎ.లో ఒక్క అడినిన్ స్థానంలో థైమిన్ పడితే, ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. ప్రోటీనులోని ఈ మార్పును 1957లో ఇంగ్రాం కనుగొన్నాడు. అటువంటి ఎర్రరక్తకణాలు ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలివలె వంగి, సన్నని నాళాలలో చిక్కుకొంటాయి. మన గిరిజన ప్రాంతాలను పీడిస్తున్న సికిల్‌సెల్ వ్యాధి ఇదే.

ఈ లోపం ఒకరి నుండే సంక్రమించినవారు వాహకులు, సాధారణంగా ఆరోగ్యవంతులే. వాహకులైన ఇద్దరు దంపతులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి రాగల అవకాశం నాలుగింట ఒక వంతు. రక్తపరీక్షతో ఈ సంగతి ముందే తెలుసుకొనవచ్చును.

విద్యార్థులారా! బిడ్డ జబ్బుపడితే తల్లిని నిందించే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఇద్దరి నుండీ వచ్చిన అక్షరదోషానికి ఒక్కరిని దోషిని చేయడం అన్యాయమని మీరైనా ఆ ఇళ్లలో చెప్పండి. ఈ పాఠానికి అదే నిజమైన పరీక్ష.