ఉలి మళ్లీ ఎప్పుడు పట్టాలి?

జ్వరం, వాంతులు, తల పగిలిపోతుందా అన్నంత నొప్పి, మెడ వంగదు. నంద్యాల పెద్దాసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి చూసి, వైరల్ మెనింజైటిస్ అని తేల్చారంటే సగం గండం గడిచినట్టే. బ్యాక్టీరియాతో వచ్చే మెదడు పొరల వాపంత మొండిది కాదిది. చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. డిశ్చార్జి చీటీ జేబులో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కి, తెల్లారేసరికి పనిలో దిగేవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డు ఎట్లుంటుందో తెలుసు కదా. పైన రేకుల వేడి, పక్కన గ్రైండరు గోల, గాల్లో రాతి పొడి, సుత్తి పడ్డప్పుడల్లా ముంజేతి దాకా అదురు. జబ్బు నుంచి లేచిన తలకు వీటిలో ఒక్కటీ పడదు. గ్రైండరు చేతిలో ఉండగా కళ్లు తిరిగాయంటే పోయేది రాయి ఒక్కటే కాదు. అందుకని ముందు కొన్నాళ్లు కొలతలు, గీతలు, చేత్తో సానపెట్టే పని అడగండి. అడగడానికి నామోషీ పడతారు మనవాళ్లు. 'ఇన్ని రోజులు తేలిక పని' అని డాక్టరుతోనే చీటీ మీద రాయించుకుంటే మేస్త్రీ దగ్గర నసగక్కర్లేదు.

కూర్చుని చేసే ఉద్యోగమైతే ఇబ్బంది ఇంకో రకం. అలసట, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు కొందరికి వారాలు, నెలలు కూడా వదలవు. బిల్లు రాస్తూ అంకె తప్పుతారు, ఇప్పుడే చెప్పిన పేరు గుర్తుండదు. అది బద్ధకం కాదని పైవాళ్లకు ముందే చెప్పండి. లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే హాయి అనిపిస్తుంటే వెన్ను నీరు తీసినందువల్ల కావచ్చు. తగ్గకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా భయపడాల్సింది, పొరల దగ్గర ఆగాల్సిన వైరస్ మెదడులోకి దిగడం. 2003లో మన ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపుతో 329 మంది పిల్లలు మంచం పడితే 183 మంది దక్కలేదు. చాందీపుర వైరస్ వల్లనని తేల్చారు. ఆ వైరస్ వేరే, కానీ మెదడు దాకా పోతే ఎట్లుంటుందో తెలియడానికి చెబుతున్నా. మనిషి తికమకగా మాట్లాడినా, మగతలో పడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108. ఒక్కసారి ఫిట్స్ వచ్చినా డాక్టరు సరేననేదాకా లారీ, ఆటో, ట్రాక్టరు నడపొద్దు, సారువ ఎక్కొద్దు, నైట్ డ్యూటీ వద్దు. నిద్ర తప్పితే ఫిట్స్ మళ్లీ రావచ్చు. మాత్రలు సొంతంగా మానేయొద్దు.

డబ్బు సంగతి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం, ఈఎస్ఐ ఉన్నవాళ్లకు చందా రోజులు సరిపోతే, జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. సర్టిఫికెట్టు మాత్రం ఈఎస్ఐ డాక్టరుదే కావాలి. రోజుకూలీ శిల్పికి ఆ దారి లేదు, అదే బాధ.

గవదబిళ్లల తర్వాత ఈ జబ్బు వచ్చినవాళ్లకు ఇంకో పని. ఆ వైరస్ ఒక్కోసారి ఒక చెవినే తినేస్తుంది, రెండోది పనిచేస్తుంటే మనకు తెలియదు. ఈ రోజు ఫోను ఎప్పుడూ పెట్టుకోని చెవికి పెట్టి వినండి. మాట మసకగా వినబడితే వారం ఆగకుండా చెవి డాక్టరును కలవండి.