బీలలో తీతువు గూడు

పక్షులను చూడాలంటే మన జిల్లాలో అందరూ టెక్కలి దగ్గరి తేలినీలాపురమే అంటారు. అక్కడి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. సరిగ్గా ఆ ఎండల్లోనే, ఉత్త నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు వేరే ఉన్నాయి. వాటి కోసం ఏప్రిల్‌లో మేము నలుగురం సోంపేట బీలకు వెళ్లాం.

బీల అంటే ఊళ్లకూ సముద్రానికీ నడుమనున్న పల్లపు నేల. వానాకాలం నీరు నిండుతుంది. వేసవికి అంచులు ఆరి పశువులకు మేత అవుతుంది. అక్కడ గేదెలు మేపుకునే ఒక తాత మాకు దారి చూపాడు. పలాసలో తొలి బస్సెక్కినా మేము చేరేసరికి ఏడు దాటింది. "ఆలీసమైపోనాది బావూ, ఎండెక్కితే పిట్ట పలకదు" అన్నాడు.

అయినా పలికాయి. పిచ్చుక కన్నా చిన్నది, పొట్ట నల్లగా, నెత్తి బూడిద రంగుగా ఉన్న పిట్ట పైకెగిరి, ఈల వేస్తూ రాయిలా కిందికి దూకి, మళ్లీ లేచింది. అది మగది. ఆడది మట్టి రంగులో ఉండి పక్కనే కూర్చున్నా కనబడదు.

మాలో ఒకరు అడుగు ముందుకు వేయబోతే తాత చెయ్యి అడ్డుపెట్టాడు. "కాలు కింద సూడు!" బొచ్చెడు కూడా లోతు లేని చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, నాలుగు మచ్చల గుడ్లు. మొనలన్నీ లోపలికి ఉన్నాయి. డిగ్రీలో మేము జంతుశాస్త్రం రికార్డులు ఎన్ని గీశామో! ఈ బొమ్మ ఒక్కదానిలోనూ లేదు.

తీతువు కూస్తే చావు కబురని మన ఇళ్లలో భయం. నిజానికి ఆ కేకలు మనల్ని గూటి నుంచి దూరంగా తరమడానికి. పొదగడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటాయి. ఎండ మరీ ఎక్కువైతే నీటిలో రొమ్ము ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. కాబట్టి గూడు కనబడితే అక్కడ నిలబడవద్దు. పిట్ట లేచిపోయిన కొద్దిసేపటికే గుడ్లు మాడిపోవచ్చు.

ఈ నేలనే బంజరన్నారు. ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని నిలబడిన రైతులు, మత్స్యకారులపై 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర దగ్గరా అంతే. సోంపేటలో ఆ కేంద్రం రాలేదు. ఆ మాట చెప్పేటప్పుడు తాత మా వైపు చూడలేదు, గేదెల వైపు చూశాడు.

మేము బాగా వెనక్కి వచ్చి గట్టు మీద కూర్చున్నాం. కాసేపటికి తీతువు నడుస్తూ వచ్చి, అటూ ఇటూ చూసి, ముక్కుతో గుడ్లు సర్దుకుని కూర్చుంది. దాని రొమ్ము తడిగా ఉంది.