లేని పురుగులు కనిపించే జబ్బు

1924 అక్టోబరులో అమెరికాలోని బేవే చమురు శుద్ధి కర్మాగారంలో అయిదుగురు కార్మికులు మతి చలించి మరణించారు. అక్కడ వారు తయారుచేస్తున్నది టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు ద్రవం. ఇంజనులో పెట్రోలు అదుపు తప్పి మండి టకటకలాడకుండా దీనిని కలిపేవారు.

మామూలు సీసం చర్మం గుండా అంతగా లోపలికి పోదు. ఈ ద్రవం అలా కాదు. చర్మంలోని కొవ్వులో కరిగి రక్తంలో చేరుతుంది. ఆవిరిగా ఊపిరితిత్తులలోకీ పోతుంది. మెదడులోనూ కొవ్వు పదార్థాలు ఎక్కువే కదా! మొదట నిద్ర పట్టదు, పీడకలలు వస్తాయి. తర్వాత లేని పురుగులు కనిపిస్తాయి. ఇదే ద్రవాన్ని తయారుచేసే మరో కర్మాగారాన్ని కార్మికులు 'సీతాకోకచిలుకల ఇల్లు' అనేవారు. పేరు మాత్రం ముచ్చటగా ఉంది!

మన దేశంలో కార్లకు సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. అల్జీరియాలో 2021 దాకా సాగింది. చిన్న విమానాల పెట్రోలులో నేటికీ కలుపుతున్నారు.